కుర్చీ దిగిన ఇల్లు

వసిల్ ట్రక్కు వెనక్కి వెనక్కి జరుగుతూ తన వాకిట్లోకి రావడం ఒరీసియా వంటింటి కిటికీలోంచి చూసింది. శీతాకాలానికి బంగాళాదుంపల మూటలు తెచ్చాడు కాబోలనుకుని, చేతులకంటిన పిండి ఏప్రన్‌కు తుడుచుకుంటూ వెళ్లి తలుపు తీసింది. ట్రక్కు మీద కప్పిన నీలం పట్టాను వసిల్ అల్లుడు ఒక్క గుంజు గుంజాడు. కింద ఉన్నవి బంగాళాదుంపలు కావు. కుర్చీ.

ఒరీసియా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వెర్బా ఊళ్లో ఆ కుర్చీని గుర్తుపట్టని వాళ్లు లేరు. గోధుమరంగు గుడ్డ, అరిగిపోయిన చేతులు, పక్కన వేలాడే మీట. మీట ఒకవైపు నొక్కితే వీపు వెనక్కి వాలి కాళ్లు పైకి లేస్తాయి. ఇంకోవైపు నొక్కితే గుర్రుమని చప్పుడు చేస్తూ కుర్చీయే మనిషిని మెల్లగా లేపి నిలబెడుతుంది. చర్చి హాల్లో ఆడవాళ్లంతా కూర్చుని పెరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, ఒత్తి, అమ్మి, కూడబెట్టి కొన్న కుర్చీ అది. రొమ్ము తీసేసినవాళ్లు కొన్ని వారాల పాటు వెల్లకిలా పడుకోలేరు, పక్కకు ఒత్తిగిల్లలేరు, చేతులు ఆనించి లేవలేరు. అందుకని ఊళ్లో ఎవరికి ఆ ఆపరేషన్ పడినా, ఆస్పత్రికి బయల్దేరే ముందే కుర్చీ వాళ్లింటికి చేరేది. కుర్చీ ఏ వాకిట్లో దిగితే ఆ వాకిటికి ఆ సాయంత్రం నుంచే సూపు గిన్నెలు నడిచొచ్చేవి. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. అదీ అక్కడి మర్యాద. ఆ మర్యాద చూసుకుని ఊరు ఊరంతా తెగ మురిసిపోయేది కూడాను.

"ఏంటిది వసిల్?"

"కుర్చీ, కూమా," అన్నాడు వసిల్. ఒరీసియా కూతురికి బాప్తిస్మమిచ్చినప్పుడు పిల్లను చేతుల్లో పట్టుకున్నది వసిలే. అప్పట్నుంచీ ఆమె అతనికి కూమా, అతను ఆమెకి కూమ్. తోబుట్టువుల కింద లెక్క.

"కుర్చీ అని నాకూ కనపడుతోంది, కళ్లు పోలేదింకా. నా ఇంటికెందుకు తెచ్చావ్?"

వసిల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "సోమవారం తెద్దామనే అనుకున్నా. కానీ రేపట్నుంచి మంచు పడుతుందంటున్నారు. పడితే రోడ్డు ఎట్లా ఉంటుందో ఏమో, ఇవాళే దించేస్తే ఓ పనైపోతుంది కదా అని."

"దేనికి దించడం?"

"నేనేం అడగట్లేదు కూమా. నువ్వేం చెప్పక్కర్లేదు."

ఆ మాట అంటూ అతను చూసిన చూపు ఉంది చూశారూ, అది తిన్నగా వెళ్లి ఆమె గుండెల్లో గుచ్చుకుంది. ఒరీసియా చెయ్యి తనకు తెలియకుండానే ఏప్రన్ మీదుగా రొమ్ము దగ్గరికి వెళ్లింది. వసంతంలో ఊరికి రొమ్ము పరీక్షల బండి వచ్చినప్పుడు తనూ వరసలో నిలబడి ఫోటో తీయించుకుంది. అంతా బాగానే ఉందని ఉత్తరం కూడా వచ్చింది. మరి ఆ తర్వాత ఇంకేమైనా తేలిందా? తన జబ్బు సంగతి తనకు తెలియకుండా ఊరందరికీ తెలిసిపోయిందా? వాళ్లకు చెప్పిన డాక్టరు తనకెందుకు చెప్పలేదు? భయపడితే కోపం తెచ్చుకోవడం ఒరీసియాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

"నాకేం రోగం లేదు! ఎవడు పుట్టించాడు ఈ పుకారు? ఆ కుర్చీ నా గడప తొక్కిందంటే నీ కాళ్లు విరగ్గొడతా వసిల్! నీ అల్లుడివీ విరగ్గొడతా!"

"నేనేం చేశానండీ," అన్నాడు అల్లుడు.

"తీసుకుపో! మళ్లీ ఈ వాకిట్లో అది కనపడకూడదని ఆనాడే చెప్పానా లేదా?"

చెప్పింది. ఊరందరి ముందూ చెప్పింది. వసిల్ ఏదో అనబోయి, నోరు మూసుకుని, పట్టా మళ్లీ కప్పి, ట్రక్కెక్కాడు. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. ఒరీసియా తలుపు దభీమని వేసేసింది. కంగారులో వాళ్లు కుర్చీతో పాటు తెచ్చిన అట్టపెట్టె వరండాలోనే ఉండిపోయింది.

ఆనాడంటే ఒరీసియా అక్క మార్తా పోయిన రోజు. మార్తాకు మొగుడూ పిల్లలూ లేరు. ఆపరేషన్ చేయించుకుని నేరుగా చెల్లెలి ఇంటికే వచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన, ప్లగ్గు ఉన్న మూలన, ఆ కుర్చీలోనే పడుకునేది. ఆలస్యంగా బయటపడ్డ జబ్బు. అప్పటికే ఎముకల్లోకి పాకిందని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం ఒరీసియా వంటింట్లో బీట్‌రూట్ సూపు, బోర్ష్, కాస్తోంది. "మార్తా, సూపు అయింది!" అని పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. మూడోసారి ఒళ్లు మండి, "చెవుడొచ్చిందా నీకు, చల్లారిపోతోందే!" అని కేకలేసి, చేతిలో గరిటెతోనే కసురుకుంటూ వెళ్లింది. వెళ్లి చూస్తే మార్తా కిటికీ వైపు మొహం పెట్టుకుని ఉంది. పిలిచిన మూడుసార్లలో ఏ ఒక్కదానికీ ఆమె ఈ లోకంలో లేదు.

ఆ రోజు నుంచీ ఒరీసియా వంటింట్లోంచి ఎవర్నీ భోజనానికి పిలవలేదు. మొగుడు బతికున్నప్పుడు కూడా, కొట్టంలో ఉన్నా పొలంలో ఉన్నా, వెళ్లి భుజం తట్టి రమ్మనేది. ఆమెకు గొంతు పోయిందేమో అని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు. తగవు వచ్చినప్పుడు ఆ గొంతు విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు.

తలుపు వేసి వచ్చి కూర్చుందో లేదో మళ్లీ తలుపు చప్పుడు. పక్కింటి నాదియా, చేతుల్లో ఆవిరి కక్కుతున్న క్యాబేజీ చుట్టల గిన్నె. ఊళ్లో ఏ ట్రక్కు ఎక్కడాగిందో నాదియా కిటికీకి తెలియకుండా ఉండదు. ఆమె మాట్లాడకుండా గిన్నె బల్ల మీద పెట్టింది. మాట్లాడకుండా ఒరీసియా చెంప నిమిరింది.

"నాకేం రాలేదే!" అంది ఒరీసియా.

"మొదట్లో అందరూ అట్లాగే అంటారు," అని నాదియా కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఒరీసియాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. సరే, ఆ దిక్కుమాలిన పెట్టె కూడా వెనక్కి పంపిస్తే పీడ విరగడవుతుందని వరండాలోంచి లోపలికి లాక్కొచ్చింది. మూత తెరవక్కర్లేకుండానే లోపలేముందో ఆమెకు తెలుసు. సగం సరుకు ఆమె కుట్టిందే. కుర్చీ అంటే ఎంత మంటో, ఈ పెట్టెకు కుట్టడమంటే అంత పట్టింపు ఆమెకు. ఆపరేషన్ అయ్యాక గాయంలోంచి నీరు దిగడానికి సన్నటి గొట్టాలు పెడతారు, వాటి చివర గుప్పెడంత ప్లాస్టిక్ బుడ్డీలు వేలాడుతుంటాయి. అవి లాగకుండా, ఊగకుండా ఉండాలంటే చొక్కా లోపలివైపు జేబులుండాలి. చొక్కా తల మీంచి తొడిగేది కాకూడదు, ముందు గుండీలుండాలి. చెయ్యి పైకెత్తలేరు కదా. చంక కింద పెట్టుకోవడానికి మెత్తటి దిండు ఒకటి. కారు బెల్టు ఛాతీకి ఒరుసుకోకుండా చిన్న దిండు ఇంకొకటి. స్నానం చేసేటప్పుడు బుడ్డీలు తగిలించుకోవడానికి మెడలో వేసుకునే నాడా. మార్తాకు ఇవేవీ లేవు. బుడ్డీలను పాత గౌనుకు పిన్నీసులతో గుచ్చుకుని తిరిగేది.

అయినా మూత తెరిచింది. పైనే ఉంది చొక్కా, నీలం చారల మెత్తటి ఫ్లానెల్‌ది. మెడ పట్టీ లోపల ఎర్రదారంతో చిన్న ఇంటూ గుర్తు. అది ఆమె గుర్తే. పోయినవారం హాల్లో కుట్టింది. వసిల్ భార్య పౌలినా కొలతలు చెప్పి, "చేతులు మాత్రం బాగా పొడుగు పెట్టక్కా, ఎడమ వైపు ఒక్క జేబు చాలు," అంది. "ఎవర్తే ఈవిడ, కరెంటు స్తంభమా? ఈమె చొక్కా ఉతికి ఆరేయడానికి తాడెక్కడ దొరుకుతుందే!" అని ఒరీసియా అంటే హాలంతా గొల్లుమంది. పౌలినా ఒక్కతే నవ్వలేదు.

ఒరీసియా చొక్కాను తన ఒంటికి పట్టి చూసుకుంది. చేతులు ఆమె వేళ్లు దాటి కిందికి వేలాడాయి. ఇది తన చొక్కా కాదు. ఈ కొలత తనకు సరిపోయేది ఏ జన్మలోనూ కాదు. మరి ఈ ఇంటికెందుకొచ్చింది?

అప్పుడు తెలిసింది.

తండ్రి పొడుగు వచ్చిన పిల్ల. ఏ కొట్లో కొన్న చొక్కా అయినా మణికట్టుకు పైనే ఆగిపోయే పిల్ల. బడి తెరిచే ముందు ప్రతి ఏడూ అంచులు విప్పి, వేరే గుడ్డ అతికి, చేతులు పొడిగించి పంపేది. ఆ కొలత ఒరీసియా వేళ్లకు కంఠతా వచ్చు. పోయినవారం కుడుతుంటే ఒక్కసారి కూడా టేపు పెట్టి చూడలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. వేళ్లకు తెలిసింది, బుర్రకు తెలియలేదు.

లెస్యా.

ఒరీసియా నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. తన బిడ్డ గాయానికి జేబు తనే కుట్టింది. కుడుతూ జోకులేసింది. హాలంతటినీ నవ్వించింది. ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. పొయ్యి మీద నీళ్లు మరిగి మరిగి గిన్నె మాడు వాసన వచ్చినప్పుడు లేచి కట్టేసింది.

ఫోను చేద్దామని తీస్తే అంకెలు అలుక్కుపోయి కనపడ్డాయి. అంతలోకి అదే మోగింది.

"అమ్మా," అంది లెస్యా. సాస్కటూన్ పట్నంలో హైస్కూల్లో లెక్కలు చెబుతుందామె. మొగుడితో తెగతెంపులయ్యాక మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది, లిఫ్టు లేని బిల్డింగులో. "వసిల్ బాబాయ్ ఫోన్ చేశాడు. కుర్చీ తిప్పి పంపేశావట."

ఒరీసియా ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"పర్లేదమ్మా. నాకు కోపం లేదు. ఆదివారం వచ్చి, భోజనాలయ్యాక కూర్చోబెట్టి చెబుదామనుకున్నా. ఆయన తొందరపడ్డాడు. ఆపరేషన్ మంగళవారం. ఎడమవైపు. త్వరగానే పట్టుకున్నారట, పెద్దమ్మలా కాదట. నీ ఇంట్లో ఉందామనుకున్నా. కానీ ఆ కుర్చీ చూస్తే నీకేమవుతుందో నాకు తెలుసు. నువ్వు వద్దన్నావంటే, వద్దన్నట్టే. ఇక్కడే ఉంటా. నర్సు వచ్చి చూసి వెళుతుందట. దిండ్లు పెట్టుకుని మంచం మీదే ఎలాగో పడుకుంటా."

వద్దనలేదే, నా తల్లీ, నాకనుకున్నానే, నీకని తెలియదే అని చెప్పాలి. నోట్లోంచి బయటికొచ్చింది మాత్రం ఇంకోటి.

"తిన్నావా?" అంది ఒరీసియా.

"తిన్నానమ్మా," అని లెస్యా ఫోను పెట్టేసింది.

ఒరీసియా మళ్లీ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. లెస్యా మొండితనం ఎక్కడినుంచొచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంక ఫోనుతో పనికాదని, పిండి మరకల ఏప్రన్ మీదే కోటు తొడుక్కుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఇంటి చెప్పు వేసుకుని, చొక్కా చంకలో పెట్టుకుని వసిల్ ఇంటికి నడిచింది. దారిలో ఆ చెప్పు సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

వసిల్, పౌలినా టీ తాగుతున్నారు. ఒరీసియా చొక్కాను వాళ్ల బల్ల మీద పరిచింది.

"నా కూతురి సంగతి నాకంటే ముందు మీకెట్లా తెలిసింది?"

పౌలినా చేతిలో కప్పు పెట్టేసింది. "నీకు తెలియదా?"

"తెలిస్తే కరెంటు స్తంభమని వెక్కిరిస్తానా?"

"అయ్యో దేవుడా," అంది పౌలినా. "నువ్వు గుండె దిటవు చేసుకోడానికి అలా అంటున్నావనుకున్నానక్కా. ఎంత ధైర్యమో ఈవిడకు, కన్నకూతురి చొక్కా కుడుతూ నవ్విస్తోంది అని ఇంటికొచ్చి ఆయనకు చెప్పి ఏడ్చా కూడా."

"లెస్యా కుర్చీ కోసం నాకు ఫోన్ చేసింది," అన్నాడు వసిల్. "అమ్మ ఇంట్లో దించమంది. తల్లికి చెప్పకుండా కుర్చీ అడిగే పిల్లుంటుందని నాకేం తెలుసు? నీకు తెలుసనే అనుకున్నాం. నువ్వా మాటే ఎత్తలేదు. సరే, ఆమెకు ఇష్టం లేదేమో, మనమూ ఎత్తకూడదని ఊరుకున్నాం. మర్యాదకి."

"మీ మర్యాద తగలెయ్య!" అంది ఒరీసియా. "ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, నోరు తెరిచి 'లెస్యాకి ఎలా ఉంది' అని అడిగుంటే! సూపులు మోసుకొచ్చే నోరు లేని మనుషులు! నా బిడ్డ ఇప్పుడు, తల్లి తనను గుమ్మంలోంచి గెంటేసిందనుకుంటోంది!"

అప్పుడొచ్చింది ఏడుపు. వసిల్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పౌలినా వీపు నిమిరింది. వసిల్ లేచి, ఏం చెయ్యాలో తోచక, ఆమె కప్పులో చక్కెర వేస్తూనే ఉన్నాడు.

"కుర్చీ ఎక్కడుంది?" అంది చివరికి, ముక్కు చీదుకుంటూ.

"ట్రక్కు మీదే ఉంది. దించలేదు ఇంకా."

"మరి కూర్చున్నావేంటి?"

"నా కాళ్లు విరగ్గొడతానన్నావుగా కూమా."

"తెచ్చాక విరగ్గొడతా. లే."

కుర్చీ ముందుగదిలోకి వచ్చేసరికి సన్నగా మంచు మొదలైంది. ఎక్కడ పెట్టమంటావని వసిల్ అడిగితే ఒరీసియా చూపించలేదు. అతనే కిటికీ పక్కకు తోసి, ప్లగ్గు ఉన్నది అక్కడొక్కచోటే అని గొణిగి, గబగబా వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు దాని చుట్టూ తిరిగింది. గుడ్డ ఎన్నిసార్లు ఉతికారో, రంగు వెలిసిపోయింది. మార్తా తర్వాత ఊళ్లో ఎంతమంది దాన్లో పడుకుని లేచారో ఆమెకు గుర్తొచ్చింది. పౌలినా లేచింది. నాదియా చెల్లెలు లేచింది. చర్చి గురువుగారి భార్య లేచి, పోయిన వేసవిలో మనవరాలి పెళ్లిలో డాన్సు చేసింది. వీళ్లందరికీ చొక్కాలు కుట్టిన తను, లేవని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకుని ఇన్నాళ్లూ కుర్చీ మీద కక్ష పెంచుకుంది. ఒరీసియా కళ్లు మూసుకుని అందులో కూర్చుంది. ఏమీ కాలేదు. ఉత్త కుర్చీ, కొంచెం మెత్తగా ఉంది.

మర్నాడు పొద్దున్నే పని మొదలెట్టింది. లెస్యా ఫోను ఎత్తడం లేదు. మంచు ఆగితే వసిల్‌ను తీసుకుని తనే వెళ్లాలి, మెడ పట్టుకునైనా తీసుకురావాలి. తెచ్చాక ఈ ఇంట్లో ఆ పిల్లకు ఏది కష్టమో ముందే తెలియాలి. అందుకని ఒరీసియా తన పెద్ద పూల తలగుడ్డ తీసి, మోచేతులు పక్కలకు అంటుకుపోయేలా ఒంటి చుట్టూ బిగించి కట్టుకుంది. ఇక ఆ చేతులతో ఇల్లంతా తిరిగింది.

తన సొంత వంటిల్లు తనకు పరాయిదైపోయింది. కప్పులన్నీ పై అరలో ఉన్నాయి, అందవు. ఫ్రిజ్ తలుపు రబ్బరు పట్టేసి రాదు. కెటిల్ నిండా నీళ్లుంటే లేవదు. ఊరగాయ దోసకాయల సీసా మూత తిరగదు. మందుల డబ్బా మూత నొక్కి తిప్పాలి, అదెక్కడి ఖర్మ! స్నానాలగదిలో తువ్వాలు కొక్కెం నెత్తి మీద ఉంది. మార్తా ఎన్ని రోజులు ఈ కొక్కెం కింద నిలబడి తువ్వాలు వైపు చూసి ఉంటుందో, అడగడానికి మొహమాటపడి తడి ఒంటితోనే బయటికొచ్చి ఉంటుందో! అప్పుడు తను వంటింట్లో కూర్చుని సూపులో ఉప్పు సరిపోయిందా లేదా అని చూసుకుంటోంది. ఒరీసియా ఆ తువ్వాలు కింద నిలబడి ఇంకోసారి ఏడ్చింది. మోచేతులు కట్టేసి ఉండటం వల్ల కళ్లు కూడా సరిగ్గా తుడుచుకోలేకపోయింది.

కట్టు విప్పడం, ఒకటి సర్దడం, మళ్లీ కట్టుకోవడం, ఇంకోటి వెతకడం. కప్పులూ పళ్లేలూ కింది బల్ల మీదికి వచ్చాయి. ఫ్రిజ్ పిడికి గుడ్డ ఉచ్చు ఒకటి వేసింది, మణికట్టు దూర్చి ఒంటి బరువుతో వెనక్కి వాలితే వచ్చేస్తుంది. సీసాల మూతలన్నీ వదులు చేసింది. కుర్చీకి కుడిచేతి వైపు చిన్న బల్ల వేసి, దాని మీద టార్చి, గోకుడు కర్ర, వంగే గొట్టం వేసిన నీళ్ల గ్లాసు పెట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి అలసిపోయి, చేతులకు కట్టు ఉండగానే కుర్చీలో కూలబడి, వెనక్కి వాలింది. చంకలో దిండు కూడా పెట్టుకుంది, ఎలా ఉంటుందో చూద్దామని.

తలుపు తీసిన చప్పుడు వినపడలేదు. కళ్లు తెరిచేసరికి లెస్యా గుమ్మంలో నిలబడి ఉంది. కోటు మీద మంచు. పోట్లాడటానికి వచ్చిన మొహం. ఆ మొహంలోని రంగు ఒరీసియా చూస్తుండగానే ఇంకిపోయింది.

కిటికీ పక్కన అదే కుర్చీ. అందులో తల్లి, చంకలో దిండు, ఒంటి చుట్టూ కట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"అమ్మా," అంది లెస్యా. "అమ్మా, నీక్కూడానా?"

చేతిలో సంచి కింద పడేసి వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. "ఎప్పుడు? ఎప్పుడు చేశారు? నాకెందుకు చెప్పలేదు? ఎందుకు చెప్పలేదమ్మా?"

ఒరీసియా లేవాలని చూసింది. చేతులు కట్టేసి ఉన్నాయి, లేవలేకపోయింది. మీట కోసం వెతుక్కుంటూ, "కాదే, నాకు కాదే, నీకే! నీకే!" అంటోంది. అదేం ఊరడింపో ఆమెకే తెలియాలి. మీట దొరికింది. కుర్చీ గుర్రుమంటూ ఆమెను మెల్లగా, చాలా మెల్లగా పైకి లేపుతుంటే తల్లీ కూతుళ్లిద్దరూ ఒకరినొకరు అలా చూస్తూ ఉండిపోయారు. చివరికి లెస్యాకు తలగుడ్డ పూలు కనపడ్డాయి.

"ఇదేంటి? కట్టు కాదా?"

"నీకోసం వంటిల్లు సర్దుతున్నా," అంది ఒరీసియా. "నీ చెయ్యి లేవదు కదా. నాకనుకున్నా లెస్యా. వసిల్ తెచ్చింది నాకనుకున్నా. నీకని తెలిస్తే నేనే వీపు మీద మోసుకొచ్చేదాన్ని."

లెస్యా ఆ కింది బల్ల మీద కప్పుల్నీ, ఫ్రిజ్‌కు వేలాడుతున్న గుడ్డ ఉచ్చునీ చూసింది. తర్వాత మోకాళ్ల మీదే తల్లి నడుముకు మొహం ఆనించి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఒరీసియాకు ఆమెను కౌగిలించుకోడానికి మోచేతులు రాలేదు. వేళ్లకు అందినంత జుట్టు నిమిరింది.

"నేను చెప్పలేదని తిట్టావు నన్ను," అంది ఒరీసియా కాసేపయ్యాక. "మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ఫోన్లో 'తిన్నావా' అంటావని."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మళ్లీ ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. ఆ తర్వాత లెస్యా లేచి కూర్చుని, బడిపిల్లలతో మాట్లాడే గొంతుతో, "నీకో షరతు," అంది.

"వంద పెట్టు."

"ఒక్కటే. మాటిమాటికీ గుమ్మంలోకొచ్చి నేను ఊపిరి తీస్తున్నానా లేదా అని చూడకూడదు."

"చూడను."

"చూస్తావు. చిన్నప్పుడు జ్వరమొస్తే ముక్కు కింద వేలు పెట్టేదానివి. నువ్వలా చూస్తే నేను పెద్దమ్మనైపోతానమ్మా. నేను పెద్దమ్మను కాను. అందరి అమ్మల్లాగే వంటింట్లోంచి పిలువు. నేను పలుకుతా."

ఈ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. పెద్దమ్మ పోయిననాడు లెస్యా చిన్నది, బడిలో ఉంది. ఆ మూడు పిలుపుల సంగతి ఈ పిల్లకెలా తెలుసు? తండ్రి చెప్పాడా? లేక తల్లి గొంతు ఇంట్లో ఎప్పట్నుంచి ఆగిపోయిందో పిల్లే గమనించుకుందా? అడగడానికి ధైర్యం చాలలేదు. తల మాత్రం ఊపింది.

మంగళవారం ఆపరేషన్ అయింది. డాక్టరు బాగా జరిగిందన్నాడు. కారు బెల్టు కింద చిన్న దిండు పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా వసిల్‌ను తిట్టుకుంటూ లెస్యా ఇంటికొచ్చింది. నీలం చారల చొక్కా చేతులు మణికట్టు దాకా సరిగ్గా వచ్చాయి. నాదియా క్యాబేజీ చుట్టలు మళ్లీ తెచ్చి, ఈసారి నోరు తెరిచి, "ఎట్లా ఉందే పిల్లా? నెప్పిగా ఉందా?" అని అడిగింది. అడిగి, తను చేసిన సాహసానికి తనే బెదిరిపోయి ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నం ఒరీసియా బోర్ష్ కాచింది. పైన సోయికూర చల్లింది. గిన్నెలు తీసింది. అలవాటు చొప్పున ముందుగది వైపు రెండడుగులు వేసి, ఫ్రిజ్ దగ్గర ఆగిపోయింది. మాటిచ్చింది కదా.

"లెస్యా!"

గొంతు జీరగా, వేరేవాళ్లదిలా వచ్చింది. గొంతు సవరించుకుంది.

"లెస్యా, సూపు అయింది!"

పలకలేదు.

కిటికీ అద్దానికి మంచు రాసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. పొయ్యి మీద సూపు ఉడుకుతోంది. ఒరీసియా చెయ్యి ఫ్రిజ్‌కు కట్టిన గుడ్డ ఉచ్చును గట్టిగా పట్టుకుంది. కాళ్లు పరిగెత్తమంటున్నాయి. రెండోసారి పిలవాలని నోరు తెరిచింది. రాలేదు. రెండోసారి పిలవడం ఆమె వల్ల కాలేదు. ఎదురుగా ఉన్న గోడ కనపడటం మానేసింది.

ముందుగదిలో గుర్రుమని చప్పుడైంది. కుర్చీ లేస్తోంది, మెల్లగా, చాలా మెల్లగా.

"వస్తున్నానమ్మా! మాత్ర వేసుకుని కునుకు తీశా. దీనికి లేవడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసుగా! నాకు మీగడ ఎక్కువ వెయ్యి!"

"సరేలే," అంది ఒరీసియా, గోడతో.

ఫ్రిజ్ తీసి పుల్లమీగడ సీసా అందుకుంది. మూత ముందే వదులు చేసి ఉంది. అదీ మంచిదే అయింది, చేతులు అంతలా వణుకుతున్నాయి.